మసక తీసిన ముఖం

లాజరస్ తెచ్చిన కాగితాన్ని డెబోరా గుమ్మంలో నిలబడే చదివింది. ‘తలుపు’ అనే డాక్యుమెంటరీలో తాను చూపించినదంతా కల్పితమని, అందులో మాట్లాడిన ఆడవాళ్లు నిజంగా ఆ రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లు కారని, యాజమాన్యానికి కలిగిన పరువునష్టానికి బేషరతుగా క్షమాపణ చెప్పుకుంటున్నానని, ఆ సినిమాను గానీ అదే సంగతి మీద రాసిన పుస్తకాన్ని గానీ ఇకమీదట ఎక్కడా బయటపెట్టనని అందులో ఉంది. అడుగున ఆమె పేరు ముందే టైపు చేసి, సంతకానికి చోటు వదిలారు.

“ఇదెవరు రాసినారు మామా?” అంది.

“ఎవరు రాస్తే ఏమమ్మా. సంతకం పెట్టినావంటే కేసు వాపసు తీసుకుంటారు. నరేంద్రబాబు గారు నా చేతిలో చెయ్యేసి చెప్పినారు,” అన్నాడు లాజరస్.

లాజరస్ డెబోరా తల్లికి పినతల్లి కొడుకు. కోవూరు క్రైస్తవ సంఘంలో పెద్ద. చెడ్డవాడు కాదు. డెబోరా తండ్రి పోయినప్పుడు దగ్గరుండి అన్నీ చూసుకున్నది ఆయనే. కాకపోతే పెద్దవాళ్లతో తగవంటే ఆయనకు ముచ్చెమటలు పోస్తాయి. పైగా కిందటేడు మందిరానికి కొత్త పైకప్పు వేయించింది ఆ ఫ్యాక్టరీ ఓనరు నరేంద్రబాబే.

వంటింట్లోంచి డెబోరా తల్లి రెబెక్కమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ మాట సూది మొనలాగే ఉంటుంది.

“మందిరానికి కప్పు వేయించినాడని నా బిడ్డ నోటి మీద గూడ కప్పేస్తాడా లాజరూ?”

“అక్కా, నేను మంచికే వచ్చినా. జడ్జిగారు ఆర్డరేసి ఉండారు, ఆ ఆడోళ్ల ముఖాలు కనపడే అసలు వీడియో తెచ్చి కోర్టులో పెట్టమని. ఈ పిల్ల పెట్టనంటా ఉండాది. మొండికేస్తే జైలుదాకా పోతాదంట. రేపు సంఘంలో మనం తలెత్తుకోవాల్నా వద్దా?”

“నా తల నేను ఎత్తుకుంటాలే,” అంది రెబెక్కమ్మ.

డెబోరా కాగితం మడిచి ఆయన చొక్కా జేబులో పెట్టింది. “కాఫీ తాగి పో మామా. దీన్ని మాత్రం ఆయనకే ఇచ్చెయ్. ఆయన అబద్ధానికి ఆయన పేరే పెట్టుకోమను. నా పేరు నాకు కావాల.”

లాజరస్ కాఫీ తాగలేదు. చెప్పులు వేసుకుంటూ, “నీ మేలు కోరి చెప్పినా,” అని మాత్రం అన్నాడు. ఆ మాట నిజమేనని డెబోరాకు తెలుసు. తెలిసినా ఆయన్ను వెనక్కి పిలవలేదు.

డెబోరాది తోటపల్లి గూడూరు దగ్గర ఒక పల్లె. తండ్రి సంజీవరావు బడిపంతులు. ఆమె చిన్నప్పుడు ఇంటి చుట్టూ వరిమళ్లుండేవి. కాలేజీకి వచ్చేసరికి వాటిలో చాలావరకు రొయ్యల గుంటలైపోయాయి. నెల్లూరులో డిగ్రీ, హైదరాబాదులో జర్నలిజం చదివి ఒక టీవీ చానల్లో చేరింది. గుంటల్లోని ఉప్పునీరు భూమిలోకి దిగి తాగేనీళ్ల బావులు పాడవుతున్న సంగతి మీద, సొంత ఊరి చుట్టుపక్కలే తిరిగి ఒక కథనం తయారుచేసింది. ప్రకటనలిచ్చేవాళ్లు నొచ్చుకుంటారని ఎడిటరు దాన్ని పక్కన పడేశాడు. డెబోరా ఉద్యోగం మానేసి, కోవూరులో ఉంటున్న తల్లి దగ్గరికి నెల్లూరు బస్సెక్కింది.

పాత కెమెరా ఒకటి సంపాదించి, అవే పల్లెల్లో మళ్లీ తిరిగి సినిమా తీసింది. ఏ చానలూ దాన్ని వేయలేదు. తానే ప్రొజెక్టరు మోసుకుంటూ ఊరూరా వెళ్లి, సున్నం కొట్టిన గోడల మీద వేసి చూపించింది. ఆమె పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరగలేదు. జనం దాన్ని ‘ఉప్పునీళ్ల సినిమా’ అన్నారు. కొన్నాళ్లకు ఆమె కూడా అదే అనడం మొదలుపెట్టింది. తర్వాత పెన్నలో ఇసుక తవ్వకాల మీద ఒకటి తీసింది. కెమెరాకు అందని సంగతులను పుస్తకాలుగా రాసింది. ఆమె పుస్తకాలు సాహిత్య సభల్లో కన్నా టీ అంగళ్లలోనే ఎక్కువ చేతులు మారేవి. “ఇది తీయొద్దు” అని ఎవరన్నా అడ్డం వస్తే చాలు, అక్కడ తీయాల్సిందేదో ఉందని ఆమెకు అర్థమైపోయేది. పనంతా ఆ ఒక్క పట్టుదల మీదే నడిచింది.

అట్లాంటి మనిషి ఇప్పుడు కోర్టు చూపించమన్నదాన్ని చూపించనని కూర్చుంది.

నరేంద్రబాబు ఫ్యాక్టరీ సముద్రానికి దగ్గర్లో ఉంది. గుంటల్లో పట్టిన రొయ్యల్ని అక్కడ తలలు తీసి, ఒలిచి, గడ్డకట్టించి విదేశాలకు పంపుతారు. ఒలిచే పనికి చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లను కంపెనీ బస్సు ఎక్కించుకుపోతుంది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, గడ్డకట్టించే యంత్రాల దగ్గర గొట్టం పగిలి అమ్మోనియా గ్యాసు షెడ్డంతా కమ్మేసింది. ఆడవాళ్లు దగ్గర్లో ఉన్న వెనక తలుపు వైపు పరుగెత్తారు. రొయ్యలు దొంగతనంగా బయటికి పోతాయని ఆ తలుపుకు బయటి నుంచి గొలుసు బిగించి ఉంది. మళ్లీ వెనక్కి తిరిగి, గ్యాసులోంచే ముందు తలుపు చేరుకోవాల్సి వచ్చింది. దారిలో చాలామంది పడిపోయారు. చెంచులక్ష్మి అనే ఆమె లేవలేదు.

మర్నాడు పేపర్లో లోపలి పేజీలో చిన్న ముక్క వచ్చింది. ఎండ తీవ్రతకు మహిళా కూలీలకు అస్వస్థత, గుండెజబ్బుతో ఒకరి మృతి అని. చనిపోయినామె పేరు కూడా లేదు.

“ఎండ ఏంది?” అంది డెబోరా పేపరు పట్టుకుని. “ఐసులో చేతులు పెట్టి పెట్టి వేళ్లు కొంకర్లు పోతాయమ్మా ఆ షెడ్డులో.”

రెబెక్కమ్మ చీర మార్చుకుని కూతురితో పాటు ఆసుపత్రికి వచ్చింది. పాత పరిచయాలతో వార్డు దాకా వెళ్లగలిగింది. తిరిగొచ్చి, “కళ్లు నిప్పులైపోయి ఉండాయి, గొంతులు పెగలడం లేదు. ఎండదెబ్బ అని రాసిన చేతిని చూడాలని ఉండాది నాకు,” అంది.

కానీ ఎవరూ నోరు విప్పలేదు. డెబోరా ఇంటింటికీ తిరిగింది. తలుపులు వేసుకున్నారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు కెమెరా మీద చెయ్యేశారు. చెంచులక్ష్మి వాళ్లింటికి వెళ్తే, ఆమె తమ్ముడు చేతులు జోడించి, మమ్మల్ని వదిలేయండమ్మా అన్నాడు. ఆ ఊరి బస్టాపులో నిలబడి ఉన్నప్పుడు, చేపల గంప పక్కన కూర్చున్న నడివయసు మనిషి ఒకామె ఆమెను తేరిపార చూసి పలకరించింది.

“నువ్వు ఉప్పునీళ్ల సినిమా తీసినావిడవు గదా? మా ఊళ్లో హెబ్రోను గోడ మీద వేసినావు. ఆయన నా మొగుడు.”

“అవునక్కా.”

“మా ముఖాలు కనపడకుండా తీయగలవా?”

ఆమె పేరు మగ్దలీనమ్మ. షెడ్డు మళ్లీ తెరిచేదాకా చేపలు అమ్ముకుంటోంది. గ్యాసు లీకైన రోజు చెంచులక్ష్మి చెయ్యి పట్టుకుని పరుగెత్తిన మనిషి. ఆ చెయ్యి ఎక్కడ జారిపోయిందో ఆమెకు గుర్తులేదు.

మగ్దలీనమ్మే మరికొందరిని కూడగట్టింది. సెలవు రోజుల్లో ఒక్కొక్కరుగా కోవూరు వచ్చి, రెబెక్కమ్మ వంటింట్లో కూర్చుని మాట్లాడారు. కెమెరా ముందు కూర్చోబోయే ముందు మగ్దలీనమ్మ అడిగింది.

“పోలీసులడిగితే చూపిస్తావా మా ముఖాలు?”

“చూపను.”

“జడ్జి అడిగితే?”

“జడ్జి అడిగినా చూపను.”

ఆ మాట మీద వాళ్లు నోళ్లు విప్పారు. సినిమాలో వాళ్ల ముఖాలు మసకగా ఉంటాయి, గొంతులు మార్చి ఉంటాయి. నెల్లూరులో ఒక చిన్న హాల్లో మొదటి ప్రదర్శన జరిగింది. ఆ వారమే నరేంద్రబాబు కోర్టులో పరువునష్టం దావా వేసి, సినిమాను ఎక్కడా ప్రదర్శించకూడదని తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకున్నాడు.

డెబోరా తరఫు వకీలు చంద్రమౌళి పెద్దాయన, మర్యాదస్తుడు. కొద్దిగా ఓపిక పట్టమని చెప్పాడు. డెబోరా ఓపిక పట్టింది గానీ ఊరికే కూర్చోలేదు. చూపించవద్దన్న కథను రాయడం మొదలుపెట్టింది. షెడ్డు ఎట్లా ఉంటుందో, తలుపుకు గొలుసు ఎందుకు వేశారో, ఎవరు ఎక్కడ పడిపోయారో, ఆ ఆడవాళ్ల పేర్లు మార్చి, ముందుగది బల్ల మీద ఉదయాలన్నీ కూర్చుని రాసింది. పుస్తకం అచ్చై వచ్చాక ఒక కాపీ తీసుకెళ్లి చంద్రమౌళి ముందు పెట్టింది.

ఆయన కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. “ఇదేందమ్మా?”

“ఆర్డర్లో సినిమా అనే ఉండాది గదా సార్.”

ఆయన ఫైలు తెప్పించి ఉత్తర్వు మళ్లీ చదివాడు. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయాడు.

నరేంద్రబాబుకు మాత్రం నవ్వు రాలేదు. పుస్తకాన్ని కూడా ఆపాలని ఇంకో పిటిషన్ వేశాడు. ఈసారి కొత్త వాదన తెచ్చాడు. సినిమాలో ముఖాలు దాచింది భయం వల్ల కాదని, అట్లాంటి ఆడవాళ్లు అసలు లేరు గనకేనని, డ్రామాలాడేవాళ్లను పిలిపించి మాట్లాడించారని. నిజమేదో తేల్చడానికి అసలు వీడియో తెమ్మని జడ్జి ఆదేశించింది.

“సీల్డ్ కవర్లో పెడదాం,” అన్నాడు చంద్రమౌళి. “జడ్జిగారు ఒక్కరే చూస్తారు.”

“చూసేది ఆమె ఒక్కరే సార్. ఆ కవరు మోసేవాళ్లు, బీరువాలో పెట్టేవాళ్లు, నాకూ ఒక కాపీ కావాలనే అవతలి వకీలు, వీళ్లంతా ఉండారు గదా.”

“ఇవ్వకపోతే నీ వాదనే కొట్టేస్తారు. కోర్టు ధిక్కారం కింద హైకోర్టుకు పంపితే జైలు కూడా పడొచ్చు.”

“పడనీండి.”

“డెబోరా, నేను నీ తండ్రి వయసు వాణ్ణి. మొండితనం వేరు, ధైర్యం వేరు.”

“నాకు ఆ తేడా అవసరం లేదు సార్. మాటిచ్చినాను. ఇవ్వనని రాసి పెట్టండి.”

ఆయన రాసి పెట్టాడు. ఆ సంగతి తెలిసే లాజరస్ క్షమాపణ కాగితం పట్టుకొచ్చాడు.

లాజరస్ వచ్చి వెళ్లిన మూడోనాడు, పొద్దున్నే మగ్దలీనమ్మ కోవూరులో బస్సు దిగింది. ఎండలో నడిచొచ్చి, గొడుగు గోడకు ఆనించి, కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఏం డెబోరమ్మా, జైలుకు పోతావంట.”

“అట్టనే ఉండాది అక్కా.”

“ఎవురికోసం?”

“మీకు మాటిచ్చినాను గదా.”

“మాకే ఇచ్చినావు. మరి మమ్మల్ని ఒక తూరి అడిగినావా?”

డెబోరా ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు. “అడిగితే మిమ్మల్ని బలవంతం చేసినట్టు ఉంటాదని...” అంది.

“అడగడం బలవంతం ఎట్టయితాది? మా నోళ్లు తెరిపించినావు, మా మంచిచెడ్డా మేం ఆలోచించుకోలేమా? నువ్వు జైలుకు పోతే పేపర్లో నీ ఫోటో వేస్తారు. ఎంత ధైర్యమో అంటారు. మేం అప్పటికీ లేనోళ్లమే. ఆ నరేంద్రబాబేమో మేం లేమంటాడు. నువ్వేమో మమ్మల్ని దాచిపెడతా ఉండావు. మీ ఇద్దరి మధ్యలో నేను యాడుండా?”

ఇన్నేళ్లలో ఓనర్లు, పోలీసులు, ఎడిటర్లు ఎంతమంది అరిచినా డెబోరా తలవంచుకోలేదు. ఇప్పుడు నేల చూసింది. తాను కాపాడుతున్నాననుకున్న మనిషి తననే నిలదీస్తోంది. ఆ నిలదీయడంలో న్యాయం ఉంది.

మగ్దలీనమ్మ అప్పుడు కూర్చుంది. గొంతు తగ్గించింది. “మొన్న షెడ్డులో ఒలస్తా ఉండినాము. మా సూపర్‌వైజరు పేపరు చదివి వినిపించినాడు. ఆ సినిమాలో ఆడోళ్లు డ్రామా కంపెనీ వోళ్లంట అని నవ్వినాడు. అందరూ నవ్వినారు. నేను గూడ నవ్వినా. నవ్వకపోతే తెలిసిపోతాది గదా. ఇంటికి పోయినాక ముద్ద దిగలేదు నాకు. చెంచులక్ష్మి చెయ్యి పట్టుకున్నది డ్రామానా? నా ముఖం మీద ఆ మసక తీసెయ్. నేనే కోర్టుకు వస్తా.”

“అక్కా, పని పోతాది.”

“పోతాది.”

“ఈ తీరంలో ఏ షెడ్డులోనూ మళ్లీ ఇవ్వరు. ఒకరికొకరు చెప్పుకుంటారు. ఒక తూరి ముఖం బయటపడితే తర్వాత నేను దాచలేను. హెబ్రోనన్న ఒప్పుకున్నాడా?”

“ఇంకా చెప్పలా. అరుస్తాడు. అరిచినాక అన్నం తింటాడు.” ఆమె డెబోరా కళ్లలోకి చూసింది. “నువ్వు భయం చెప్పడం అయిపోయిందా? ఇవన్నీ నాకు నేను చెప్పుకునే వచ్చినా.”

రెబెక్కమ్మ కంచం పెట్టింది. “ముందు తిను. కోర్టుకు పోయే మనిషి ఖాళీ కడుపుతో మాట్లాడకూడదు.”

ఆ తర్వాత డెబోరా చేయాల్సిన పని చేసింది. మగ్దలీనమ్మను వెంటబెట్టుకుని, సినిమాలో మాట్లాడిన ప్రతి మనిషి ఇంటికీ వెళ్లి అడిగింది. ఒకామె మాట వినకుండానే లోపలికి వెళ్లిపోయింది. ఇంకొకామె రాత్రంతా ఆలోచించి చెబుతానని, మళ్లీ ఫోను ఎత్తలేదు. అందరిలోకీ చిన్నది ఆనందకుమారి ఏడ్చేసింది.

“నేను రాలేనక్కా. మా చెల్లి గూడ ఆ షెడ్డులోనే పనిచేస్తా ఉండాది. నా ముఖం అట్టనే ఉంచు.”

“అట్టనే ఉంటాది,” అంది డెబోరా. “ఎవరడిగినా అట్టనే ఉంటాది.”

మగ్దలీనమ్మ ఆ పిల్ల తల నిమిరింది. బయటికొచ్చాక, “దాన్ని ఏమీ అనుకోబాక. భయపడేవోళ్లు గూడ ఉండబట్టే గదా నేను నీ దగ్గర ఆ మాట తీసుకుంది,” అంది.

వాయిదా రోజు నరేంద్రబాబు తెల్లచొక్కాలో ముందు వరసలో కూర్చున్నాడు. ఎప్పుడూ తొణకని మనిషి, మాట కూడా నెమ్మది. డెబోరాను చూసి నమస్కారం పెట్టాడు. ఆమె తిరిగి పెట్టలేదు.

వీడియో తెచ్చారా అని జడ్జి అడిగింది. చంద్రమౌళి లేచాడు. “తేలేదమ్మా. నా క్లయింటు ఇవ్వనంటున్నారు. కానీ అందులో మాట్లాడిన మనిషే స్వయంగా వచ్చారు. వినమని ప్రార్థన.”

అవతలి వకీలు అభ్యంతరం చెప్పాడు. జడ్జి ఒక నిమిషం ఆలోచించి, బోను ఎక్కమంది. మగ్దలీనమ్మ ప్రమాణం చేసి పేరు, ఊరు చెప్పింది. ఆ షెడ్డులో రొయ్యలు ఒలుస్తానని చెప్పింది. గొలుసు గురించి, పరుగు గురించి చెప్పింది. చెంచులక్ష్మి పేరు మాత్రం రెండుసార్లు చెప్పింది.

అవతలి వకీలు నవ్వుతూ మొదలుపెట్టాడు. “మీకు నాటకాలు అలవాటేనా అమ్మా?”

“చిన్నప్పుడు క్రిస్మస్ నాటకంలో గొర్రెలకాపరి వేషం వేసినా.”

హాల్లో నవ్వులు వినిపించాయి. ఆమె నవ్వలేదు.

“ఈ సినిమాలో మాట్లాడినందుకు ఏం ముట్టింది?”

“అన్నం పెట్టినారు. కోడికూర. వాళ్లమ్మ చేసింది.”

“మీరు ఆ ఫ్యాక్టరీలో పనిచేశారని రుజువేంటి? కూలీలను పెట్టే కాంట్రాక్టరు జాబితాలో మీ పేరు లేదే?”

మగ్దలీనమ్మ ముందు వరస వైపు తిరిగింది.

“బాబూ, మీరు చెప్పండి. పోయిన క్రిస్మస్‌కు షెడ్డులో కేకు కోయించి మొదటి ముక్క నా చేతిలోనే పెట్టినారు. మా మగ్దలీనమ్మ అందరికంటే పెద్దది అన్నారు. ఫోటో తీయించి మీ ఆఫీసు గోడకు తగిలించినారు. మీ ముందరే నిలబడి ఉండా. నేను ఉండానా, లేనా?”

వకీలు ఏదో అనబోయాడు. జడ్జి చెయ్యెత్తి ఆపి, నరేంద్రబాబును అడిగింది. “ఆ ఫోటో ఉందా?”

నరేంద్రబాబు లేచి నిలబడ్డాడు. తన వకీలు వైపు చూశాడు. అక్కడ సాయం దొరకలేదు. “చాలామందితో ఫోటోలు దిగుతుంటానమ్మా,” అన్నాడు చివరికి.

“ఈమెను ఎరుగుదురా, లేదా?”

“ఎరుగుదును.”

అంతే. ఆ ఒక్క మాటతో డ్రామా కంపెనీ వాదన కూలిపోయింది. సినిమా మీద ఉన్న తాత్కాలిక ఉత్తర్వును కోర్టు ఎత్తేసింది. పుస్తకాన్ని ఆపడానికి కారణం కనిపించడం లేదంది. పరువునష్టం దావా మాత్రం నడుస్తుందంది. ఆఖరున జడ్జి డెబోరా వైపు తిరిగి, ఆదేశాన్ని పాటించనందుకు గట్టిగా మందలించి, శిక్షగా ఆ రోజు కోర్టు లేచేదాకా వెనక బెంచీ మీద కూర్చోమంది.

డెబోరా వెళ్లి కూర్చుంది. మగ్దలీనమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

“నిన్నెవరూ కూర్చోమనలేదక్కా.”

“బస్సుకు ఇంకా టైముండాదిలే.”

మర్నాడు ఉదయం కంపెనీ బస్సు మగ్దలీనమ్మ ముందు ఆగకుండా పోయింది. లోపలున్న ఆడవాళ్లు కొందరు ఆమెను చూశారు, కొందరు చూడనట్టు తల తిప్పుకున్నారు. హెబ్రోను అనుకున్నట్టే అరిచాడు. అన్నం మాత్రం ఆ పూట తినలేదు. ఆమె చేపల గంప మళ్లీ ఎత్తుకుంది. ఎండలో తోటపల్లి గూడూరు దాకా తిరిగి అమ్మింది. పనికోసం వేరే షెడ్డుకు వెళ్తే, గేటు దగ్గరే పేరు విని వెనక్కి పంపారు. డెబోరా చెప్పినవన్నీ ఒక్కటి తప్పకుండా జరిగాయి. మగ్దలీనమ్మ ఆ మాట ఎత్తలేదు, డెబోరాను ఎత్తనివ్వలేదు.

“సినిమా ఎప్పుడు వేస్తావు మా ఊళ్లో?” అని మాత్రం అడిగింది.

ఆనందకుమారి, మిగతావాళ్ల ముఖాలను అట్లాగే ఉంచి, మగ్దలీనమ్మ ముఖం మీద మసక తీసేసి, ఆమె సొంత గొంతు పెట్టి డెబోరా సినిమాను మళ్లీ కూర్చింది. పంచాయతీవాళ్లు మైదానం ఇవ్వలేదు. హెబ్రోను రెండు రోజులు మాట్లాడకుండా తిరిగి, మూడోరోజు నిచ్చెన వేసుకుని తన ఇంటి గోడకు సున్నం కొట్టడం మొదలుపెట్టాడు. కుర్చీల కోసం అడిగితే లాజరస్ చుట్టూ చూసి, “కుర్చీలు సంఘానివి, నావి గావు. ఎవరన్నా తీసుకుపోతే నేను చూడలా,” అన్నాడు. తాను మాత్రం రాలేదు.

పొద్దుగూకగానే జనం చేరారు. బొమ్మ మొదలైన కాసేపటికే ఊళ్లో కరెంటు పోయింది. ఇట్లా అవుతుందని తెలిసిన డెబోరా షామియానా వాళ్ల జనరేటరు ముందే తెప్పించింది. అది గుడగుడమంటుంటే, గొంతులు వినపడడానికి అందరూ గోడకు దగ్గరగా జరిగారు. అప్పుడే మోటారుసైకిళ్ల మీద నరేంద్రబాబు మనుషులు వచ్చారు. ఎవరినీ ఏమీ అనలేదు. ఫోన్లు తీసి, కూర్చున్న ఒక్కొక్కరి ముఖాన్నీ వీడియో తీయడం మొదలుపెట్టారు. ఆడవాళ్లు కొంగులు ముఖాల మీదికి లాక్కున్నారు. వెనక వరసల్లో కొందరు లేచి నిలబడ్డారు.

డెబోరా వాళ్ల వైపు నడవబోయింది. అంతకుముందే మగ్దలీనమ్మ లేచింది. గోడ మీద ఆమె ముఖం పెద్దగా కనపడుతోంది. ఆ వెలుగులోనే నడుచుకుంటూ వెళ్లి, ముందున్న కుర్రవాడి ఫోనుకు ఎదురుగా నిలబడింది.

“తీసుకో నాయనా. దగ్గరికొచ్చి తీసుకో, బాగా పడతాది. కోర్టులో గూడ చూపించినా ఈ ముఖం. మీ బాబుకు తెలిసిందే.”

కుర్రవాడు ఫోను కొంచెం దించాడు. పక్కవాడు తీయరా అన్నాడు గానీ, తనూ తీయలేదు. చెంచులక్ష్మి తమ్ముడు లేచొచ్చి మగ్దలీనమ్మ పక్కన నిలబడ్డాడు. ఆ తర్వాత ఇంకొకామె కొంగు వెనక్కి తీసుకుని వచ్చింది, ఆ వెనక ఇంకొందరు వచ్చారు. అందరూ రాలేదు. వచ్చినవాళ్లు చాలు. మోటారుసైకిళ్లు తిరిగిపోయాయి. డెబోరా సినిమాను మళ్లీ మొదటి నుంచి వేసింది.

ఆ సినిమా ఆ ఏడాది తీరం వెంట పల్లె పల్లెనా తిరిగింది. ఫ్యాక్టరీ తనిఖీకి అధికారులు వచ్చారు. వెనక తలుపుకు గొలుసు తీసేశారని లోపల పనిచేసేవాళ్లే చెప్పారు. చెంచులక్ష్మి చావు మాత్రం రికార్డులో ఇంకా గుండెజబ్బుగానే ఉంది. దాన్ని మార్పించడానికి ఆమె తమ్ముడి చేత అర్జీ పెట్టించి, ఆఫీసుల చుట్టూ అతనితో పాటు డెబోరా తిరుగుతూనే ఉంది. పుస్తకం రెండో ముద్రణలో మగ్దలీనమ్మ పేరు మార్చకుండా వేసింది. నరేంద్రబాబు ఇంకా పెద్ద వకీలును పెట్టుకున్నాడు.

ఒకరోజు పదిన్నరప్పుడు చంద్రమౌళి ఫోను చేశాడు. “కొత్త నోటీసు వచ్చిందమ్మా. రెండో ముద్రణ మీద. ఈసారి నువ్వొక్కదానివే కాదు, ఆ మగ్దలీనమ్మ గారిని కూడా ప్రతివాదిగా చేర్చారు.”

డెబోరా కోవూరు నుంచి బస్సెక్కి వెళ్లింది. మగ్దలీనమ్మ ఒక అరుగు మీద గంప దించి, చేపలు అమ్ముతోంది. బేరమాడుతున్న మనిషి వెళ్లేదాకా డెబోరా ఆగి, సంగతి చెప్పింది.

మగ్దలీనమ్మ చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంది.

“నోటీసులో నా పేరు వేసినారా?”

“వేసినారు అక్కా. ఊరు గూడ వేసినారు.”

“సరిగ్గా రాసినారా?”

“సరిగ్గానే రాసినారు.”

“సరే అయితే,” అంది మగ్దలీనమ్మ గంప మీద తడిగుడ్డ సర్దుతూ. “ఏ రోజు రమ్మన్నారు?”